వెంటిలేటర్ నుంచి కారే నల్ల చారలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: విజయనగరంలో అపార్టుమెంట్లకూ, దుకాణాలకూ కిటికీ అద్దాలు శుభ్రం చేయడం నా వృత్తి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందు పని ఎక్కువగా ఉంటుంది. అద్దాలు తుడిచి, ఇంటివారికి చూపించి వస్తాను. మర్నాడు ఉదయానికి పైనున్న వెంటిలేటర్ నుంచి నల్లని చారలు అద్దం మీదికి కారాయని ఫోను చేస్తారు. వెంటిలేటర్‌ను కూడా బాగా నీళ్లు కొట్టి కడుగుతున్నాను. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: నీళ్లు కొట్టి కడగడంలోనే ఉంది. వెంటిలేటర్ గాజు పలకల పైభాగాన, వాటిని పట్టి ఉంచే అల్యూమినియం క్లిప్పుల సందుల్లో, వెనకనున్న దోమల మెష్ కన్నాల్లో నెలల తరబడి పేరుకున్న దుమ్ము పొడిగా ఉన్నంతకాలం కదలకుండా ఉంటుంది. దాని మీద నీరు పడగానే బురదగా మారుతుంది. సన్నని సందుల్లోకి వెళ్లిన నీరు ఒక్కసారిగా బయటకు రాదు. అక్కడే నిలిచి, రాత్రంతా చుక్క చుక్కగా జారుతూ, మీరు తుడిచి వెళ్లిన అద్దం మీదనే ఆ మురికిని వదిలి ఆరిపోతుంది. కాబట్టి మీరు అద్దాన్ని సరిగా తుడవలేదని అనుకోవలసిన పని లేదు, పని జరిగిన వరుసను మాత్రం మార్చుకోవాలి.

ముందుగా వెంటిలేటర్‌ను పొడిగానే శుభ్రం చేయండి. మెత్తని పెయింటు బ్రష్‌తో పై పలక నుంచి కిందికి దుమ్ము దులపండి. ఇంటివారి దగ్గర వాక్యూమ్ క్లీనర్ ఉంటే లోపలి వైపు నుంచి మెష్‌కు ఆనించి లాగితే గదిలోకి దుమ్ము రాలదు. ఆ తరువాతే తడిగుడ్డ పట్టుకోవాలి, అది కూడా నీళ్లు కారకుండా గట్టిగా పిండినది కావాలి. ఒక్కొక్క పలకనూ కింద నుంచి ఒక చేత్తో ఆనించి పట్టుకుని రెండో చేత్తో తుడవండి, ఎందుకంటే పాత ఇళ్లలో క్లిప్పులు వదులై ఉంటాయి, కాస్త గట్టిగా లాగితే పలక జారి కింద నడిచేవారి మీద పడే ప్రమాదం ఉంది. చేతివేళ్లు పట్టని మూలల్లోకి చదునైన పుల్లకు గుడ్డ చుట్టి పంపవచ్చు.

ఒక కిటికీకి వెంటిలేటర్, వెంటనే దాని అద్దం, ఆ పైన రెండో కిటికీ అన్న పద్ధతిని విడిచిపెట్టండి. ఇంటికి ఒక వైపున ఉన్న వెంటిలేటర్లనూ, ఫ్రేముల పైఅంచులనూ ముందు ముగించి, ఆ తరువాత మొదటి కిటికీకి తిరిగి వచ్చి అద్దాలు మొదలుపెట్టండి. ఈలోగా కారవలసిన తడి కారిపోతుంది. వైపర్ లాగే ముందు వెంటిలేటర్ కింది అంచు వెంట పొడిగుడ్డను ఒకసారి నడిపితే, మిగిలిన చుక్కలు కూడా గుడ్డకే అంటుకుంటాయి.

ఇంగ్లండు వంటి చలిదేశాల్లో కిటికీ మూసి ఉన్నా గదిలోకి కొంత గాలి రావడానికి ఫ్రేము పైభాగంలోనే సన్నని గాలి చీలికలు పెడతారు. పొడవాటి కర్రకు బ్రష్ బిగించి, ఖనిజాలు తొలగించిన నీటితో నేల మీద నుంచే అద్దాలు కడిగే అక్కడి పనివారికీ సరిగ్గా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. వారు కూడా ముందు చీలికనూ ఫ్రేమునూ కడిగి, వేరే కిటికీలకు వెళ్లి, కారడం ఆగాక వచ్చి అద్దం కడుగుతారు. తరచుగా శుభ్రం చేసే ఇళ్లలోనైతే బ్రష్‌ను చీలిక దాకా పోనివ్వకుండా కిందనే ఆపుతారు. కర్రతో పని చేసేటప్పుడు మీరూ అలాగే ఆపడం మంచిది. కరెంటు తీగలు దగ్గరలో ఉన్న చోట అల్యూమినియం కర్రను, తడిసిన కర్రను అసలు పైకెత్తకండి.

వంటగది వెంటిలేటర్ సంగతి వేరు. అక్కడ దుమ్ముకు నూనె జిడ్డు తోడై బంకలా పట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే మెయిన్ స్విచ్ ఆపించి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు కలిపి, గుడ్డను తడిపి పిండి, జిడ్డు మీద కాసేపు ఉంచి తుడవండి. పని త్వరగా తెములుతుందని బాత్రూమ్ యాసిడ్ గానీ, చాకలి సోడా గానీ వాడవద్దు. రెండూ అల్యూమినియాన్ని తింటాయి. యాసిడ్ చుక్క కిటికీ దిమ్మ మీది కడప బండపై పడితే, అది సున్నపురాయి గనుక నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది, దాన్ని తుడిచి పోగొట్టడం సాధ్యం కాదు.

వెంటిలేటర్‌లో పిచ్చుక గూడు పెట్టి, అందులో గుడ్లో పిల్లలో ఉంటే దాని జోలికి పోకండి. అవి ఎగిరిపోయాక వచ్చి శుభ్రం చేస్తానని ఇంటివారికి చెబితే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. పావురాల రెట్టలను మాత్రం పొడిగా గీకవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని, తడిగుడ్డ కప్పి నానబెట్టి తీయాలి.

ధర మాట్లాడేటప్పుడు వెంటిలేటర్‌ను విడిగా చెప్పండి. అద్దంకన్నా దానికే ఎక్కువ సమయం పడుతుంది, దాన్ని ఉచితంగా కలిపితే హడావిడిగా నీళ్లు కొట్టి వదిలేయవలసి వస్తుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. కళింగపట్నం తీరంలో ఉన్న ఇళ్ల అద్దాలు తుడుస్తాను. కొన్నాళ్లకే మెష్ మీద, అద్దం మీద మసక పొర మళ్లీ వస్తోంది. ఎందుకు?

జవాబు: అది సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మకు దుమ్ము అంటుకుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పుతో పాటు ఇసుక రేణువులు అద్దాన్ని గీకుతాయి. ఉప్పు నీటిలో కరిగిపోతుంది కనుక, పిండిన గుడ్డతో మెష్‌ను రెండుసార్లు అద్ది, ప్రతిసారీ గుడ్డను మంచినీటిలో జాడించండి. బోరునీరు కఠినంగా ఉంటే చివరి తుడుపుకు ఆర్వో నీరు వాడండి, లేకపోతే ఉప్పు పోయినా సున్నపు మచ్చలు నిలుస్తాయి. వెంటిలేటర్ స్క్రూలు తుప్పు పడుతుంటే ఇంటివారికి చూపించి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించమనండి.

ప్రశ్న: యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ అడుగున బయటివైపు ఉన్న చిన్న కన్నాల్లోంచి చీమలు వస్తున్నాయని, వాటిని సిలికాన్‌తో మూసేయమని ఇంటాయన అంటున్నారు. మూయవచ్చా?

జవాబు: మూయవద్దు. వాన నీరు కిటికీ తలుపు జరిగే పట్టాలో నిలవకుండా బయటకు పోవడానికే ఆ కన్నాలు పెట్టారు. మూస్తే తుపాను వానకు నీరు గదిలోకి పొర్లుతుంది. పట్టాలోని మట్టిని బ్రష్‌తో తీసి, కన్నంలోకి సన్నని పుల్ల పంపి, పట్టాలో ఒక గ్లాసు నీరు పోసి బయటకు వస్తోందో లేదో ఇంటాయన ఎదుటే చూపించండి. చీమలకు కన్నం బయటివైపు సన్నని మెష్ ముక్క పెట్టవచ్చు, అయితే దాన్ని శుభ్రం చేసే బాధ్యత కూడా మీ పనిలో చేరుతుంది.