రాడార్ మేఘానికి తల ఎందుకు తెగింది?

ప్రశ్న: 2013 మే 20న అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం మూర్ పట్నంపై టోర్నడో పడినప్పటి లెవెల్ 2 ఫైలు (కేటీఎల్ఎక్స్ అనే రాడార్ ముడి కొలతలు) ఐడీవీ అనే 3డీ వాతావరణ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 40 డీబీజెడ్‌కు (రాడార్ ప్రతిధ్వని బలానికి కొలమానం) ఐసోసర్‌ఫేస్, అంటే ఆ విలువ ఉన్న చోట్లన్నిటినీ కలిపే ఉపరితలం, గీశాను. మేఘం 7 కి.మీ. ఎత్తున కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పైకి వెళ్లేకొద్దీ మెట్లు మెట్లుగా ఉంది. ఫైలు పాడైందా?

జవాబు: ఫైలు బాగానే ఉంది. రాడారే మూర్‌కు మరీ దగ్గర, సుమారు 20 కి.మీ. ఉరుముల మేఘాలప్పుడు దాని డిష్ 0.5 డిగ్రీలతో మొదలుపెట్టి, 14 కోణాల్లో తిరిగి, 19.5 దగ్గర ఆగుతుంది. 20 కి.మీ. దూరంలో ఆ ఆఖరి కిరణం ఎత్తు 7 కి.మీ. పైనున్నది రాడార్ చూడనే లేదు. ఐడీవీ మాత్రం ఏం గీస్తుంది?

మెట్లదీ అదే కథ. కింది కోణాల మధ్య తేడా అర డిగ్రీ లోపే. పైన 15.6 తర్వాత నేరుగా 19.5. మీ మేఘం దగ్గర ఆ సందు ఒకటిన్నర కి.మీ.

తల కావాలంటే దూరపు రాడార్ తెచ్చుకోండి. అదే రాష్ట్రంలో ఎనిడ్ దగ్గరి కేవీఎన్ఎక్స్ రాడార్ మూర్‌కు సుమారు 165 కి.మీ. అక్కడి నుంచి శిఖరం కనిపిస్తుంది; కింది 3 కి.మీ. సరిగా కనిపించదు, అది కేటీఎల్ఎక్స్ ఇస్తుంది. రెండు ఫైళ్లనూ పైథాన్‌లోని పై-ఆర్ట్ అనే రాడార్ లైబ్రరీతో ఒకే గ్రిడ్‌లో (3డీ గడుల్లో) కలపండి: గడి అడ్డంగా 1 కి.మీ., నిలువుగా 500 మీ. చాలు. ప్రభావ వ్యాసార్థం (ఒక్కో గడికి ఎంత దూరంలోని కొలతలను లెక్కలోకి తీసుకోవాలన్నది) తక్కువ పెడితే చిల్లులు పడతాయి, ఎక్కువ పెడితే మేఘం ఉబ్బుతుంది. డిఫాల్ట్‌తో మొదలుపెట్టి, చిల్లులు పూడేవరకే పెంచండి. ఆ గ్రిడ్‌ను నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు ఫార్మాట్‌లో రాసి ఐడీవీలో తెరవండి.

టైము చూసుకోండి. ఒక పూర్తి స్కాన్‌కు నాలుగున్నర నిమిషాలు. గంటకు 40 కి.మీ. వేగంతో పోయే మేఘం ఈలోగా 3 కి.మీ. జరుగుతుంది. రెండు ఫైళ్ల మొదలు సమయాల మధ్య రెండు నిమిషాలకు మించి తేడా ఉంటే ఒకే మేఘం రెండుగా కనిపిస్తుంది. ఫైలు పేరులోని టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). 20:00 అంటే మనకు మర్నాడు తెల్లవారుజాము 1:30.

ప్రశ్న: మచిలీపట్నం రాడార్ చిత్రాలతో ఇలాగే చేయొచ్చా?

జవాబు: కుదరదు. వెబ్‌సైట్‌లో కనిపించేది రంగులద్దిన బొమ్మ, అందులో కోణాలవారీ కొలతలు ఉండవు. 3డీకి అన్ని కోణాల కొలతలూ ఉన్న ముడి వాల్యూమ్ ఫైలే కావాలి.