డాక్టర్ సలహా: నవల రాస్తున్నాను.. నిద్ర పట్టట్లేదు, గుండె దడ, చేతి నొప్పి. రాయడం మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌ని. ఇద్దరు చిన్నపిల్లలు. రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. అందరూ పడుకున్నాక పదిన్నరకు మొదలుపెడితే రెండింటి దాకా అదే పని. లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఫోన్‌లో టైప్ చేస్తాను. మళ్లీ ఐదున్నరకు లేచి బాక్సులు కట్టాలి. నిద్ర ఆపుకోవడానికి రాత్రి రెండుసార్లు టీ తాగుతాను. ఆర్నెల్ల కిందట పోటీకి పంపితే నవల ఎంపిక కాలేదు. ప్రచురణకర్తను అడిగితే అచ్చు ఖర్చు మీరే పెట్టుకోవాలన్నారు. మళ్లీ తిరగరాస్తున్నాను. కానీ అప్పటినుంచి పడుకున్నా నిద్ర రావట్లేదు. గుండె దడగా ఉంటోంది, జుట్టు రాలుతోంది, కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. నిద్ర కోసం పక్కింటావిడ ఇచ్చిన ఆల్ప్రాజొలామ్ అర మాత్ర రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. రాయడం మానేస్తే అన్నీ తగ్గుతాయని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానొద్దమ్మా. మీ ఒంటిని పాడుచేస్తున్నది నవల కాదు, దాన్ని రాస్తున్న వేళ. మీ లెక్క ప్రకారం మీకు దొరుకుతున్న నిద్ర మూడున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. రోజుకు సగం నిద్రతో రెండేళ్లు స్కూలు, ఇల్లు, నవల మూడూ మోశారు. ఇప్పుడు ఒళ్లు మొరాయించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అన్నిటినీ టెన్షన్ ఖాతాలో వేసేయకూడదు. గుండె దడ, జుట్టు రాలడం కలిసి ఉన్నాయంటే మీ వయసు ఆడవాళ్లలో ముందు చూడాల్సినవి రక్తహీనత, థైరాయిడ్. ఈ వారంలోనే హిమోగ్లోబిన్‌తో సహా రక్తపరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ చేయించండి. బీపీ చూపించుకుని ఒక ఈసీజీ తీయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే అది కూడా మానాలి, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మాత్ర సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆల్ప్రాజొలామ్ డాక్టర్ చూసి, కొద్దిరోజులకు మాత్రమే రాసే మందు. రోజూ వేసుకుంటే అలవాటైపోతుంది, అది లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది. పొద్దున మగతగా ఉంటుంది కాబట్టి బండి నడపడం కూడా ప్రమాదమే. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. రెండు నెలలు రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా మానితే దడ, వణుకు, నిద్రలేమి ఇంకా పెరుగుతాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. మానసిక వైద్యుణ్ని గానీ ఫిజీషియన్‌ను గానీ కలిస్తే మెల్లగా తగ్గించుకుంటూ మాన్పిస్తారు.

టీలో ఉండే, నిద్ర పట్టనివ్వని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే పదకొండుకు తాగిన టీలోని కెఫీన్‌లో సగం తెల్లవారుజామున నాలుగింటికి కూడా మీ రక్తంలో ఉంటుంది. ఒకపక్క మేల్కోవడానికి టీ, ఇంకోపక్క పడుకోవడానికి మాత్ర. మధ్యాహ్నం రెండు తర్వాత టీ వద్దు.

మంచం గురించి కూడా చెప్పాలి. రెండేళ్లుగా మీ రాతబల్ల అదే. పాత్రలన్నీ అక్కడే పుట్టాయి, అక్కడే పోట్లాడుకున్నాయి. తల ఆనించగానే వాళ్లంతా లేచి కూర్చుంటే మీకు నిద్రెలా పడుతుంది? మంచం మీద ఇక ఒక్క వాక్యం కూడా రాయకండి. వంటింట్లో ఒక కుర్చీ, ఒక స్టూలు వేసుకున్నా చాలు. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి బయట కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. మంచి మాట ఏదైనా తడితే పోగొట్టుకోవద్దు, లేచి, కుర్చీ దగ్గర పెట్టుకున్న చిన్న నోట్‌బుక్‌లో ఒక లైను రాసి మూసేయండి.

బొటనవేలు మడిచి పిడికిట్లో పెట్టుకుని, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచి చూడండి. బొటనవేలి మొదట్లో సూదిలా పొడిస్తే అది బహుశా అక్కడి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) వాపు. ఫోన్ మీద ఒకే వేలితో గంటలు గంటలు కొట్టేవాళ్లలో ఇది చూస్తుంటాం. మణికట్టుతో పాటు బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ అనే పట్టీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, మూడు నాలుగు వారాలు వాడండి. ఆ రోజుల్లో ఫోన్‌కు చెబితే రాసే వాయిస్ టైపింగ్ తెలుగులో బాగానే పనిచేస్తోంది. తగ్గకపోతే ఎముకల డాక్టర్‌ను కలవండి.

నవల ఎంపిక కాకపోతే ఏడుపు రావడం జబ్బు కాదు. రెండేళ్ల కష్టం మీది, బాధ ఉంటుంది. ఇవాళ తెలుగులో చాలామంది సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటున్నారు, కాబట్టి ఆ ప్రచురణకర్త మాటను మీ రాతకు తీర్పుగా తీసుకోకండి. జనవరి పుస్తకాల పండగకు అందించాలని అప్పుచేసి అచ్చువేయడం మాత్రం వద్దు. ఆ టెన్షన్ మీ గుండె దడకు తోడవుతుంది. అయితే రెండు వారాలకు మించి రోజంతా మనసు దిగులుగా ఉండి, పిల్లల మాటలు కూడా సంతోషం ఇవ్వకపోతే, నేనెందుకూ పనికిరానని అనిపిస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీవారు కూడా ఇది చదవాలని కోరుకుంటున్నాను. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని ఆయన తీసుకుంటే, ఆ గంట మీది. గంటకు 300 మాటలు రాసినా 200 రోజుల్లో 60 వేల మాటలవుతాయి, అది ఒక నవల. పది గంటలకల్లా మీరు పడుకోవాలి. మీ అత్తగారికి రక్తపరీక్షల రిపోర్టు చూపించి, రాసే వేళ మార్చుకున్నానని చెప్పండి. ఆవిడ అలా అన్నది మీ ఆరోగ్యం మీద బెంగతోనే.