డిస్లెక్సియా ఉన్న బాబుకు ఏ పుస్తకాలు కొనాలి?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి చదువుతున్నాడు. డిస్లెక్సియా ఉందని కిందటి ఏడాది పరీక్షలు చేసి చెప్పారు. కథలు చెబితే ఎంతసేపైనా వింటాడు. పాముల గురించో క్రికెట్ గురించో అడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కూడబలుక్కుంటూ రెండు వాక్యాలకే అలిసిపోతాడు. ఒకటో తరగతి బొమ్మల పుస్తకాలు కొంటే ‘ఇవి చెల్లివి’ అని పక్కన పడేశాడు. వయసుకు తగినవి కొంటే చదవలేకపోతున్నాడు. ముందు తెలుగు చదివించాలా, ఇంగ్లీషా? రంగు ప్లాస్టిక్ షీటు పెట్టి చదివించమని ఒకరు, ఆడియో కథలు అలవాటైతే ఇక చదవడని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ బాబు ఆ పుస్తకాలను పక్కన పడేయడంలో ఆశ్చర్యం లేదమ్మా. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ప్రధానమైన ఇబ్బంది అక్షరాన్ని ధ్వనితో జతపరచి, ఆ ధ్వనులను వెంటవెంటనే కూర్చి పదంగా చదవడంలో ఉంటుంది కానీ, విన్నదాన్ని అర్థం చేసుకోవడంలోనో ఆలోచించడంలోనో కాదు. అతను చదవగలిగే స్థాయి ఒకటి, అతని బుద్ధి కోరుకునే స్థాయి మరొకటి. ఈ రెండూ ఒకే పుస్తకంలో దొరకాలని చూస్తున్నందువల్లనే మీకు ఏదీ సరిపోవడం లేదు. స్వయంగా చదవడానికి కొన్ని, మీరు చదివి వినిపించడానికి కొన్ని అని ముందే వేరు చేసుకుని కొనండి.

స్వయంగా చదివే ఇంగ్లీషు పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దుకాణాల్లో చిన్న పిల్లలకని అమ్మే పుస్తకాల్లో చాలావాటిలో ప్రతి పేజీలోనూ ఒకే వాక్యం ఉండి, చివరి పదం ఒక్కటే మారుతుంది. ఆ పదం బొమ్మను చూస్తే తెలిసిపోతుంది. పిల్లవాడు గడగడా చదివినట్టే ఉంటాడు, నిజానికి ఊహించి చెబుతుంటాడు. బొమ్మను చేత్తో మూసి చదవమంటే సంగతి బయటపడుతుంది. మీ బాబుకు కావలసినవి ఫోనిక్స్ రీడర్లు, అంటే అప్పటిదాకా నేర్పిన ధ్వనులతో కూడిన పదాలనే ఎక్కువగా వాడి వరుసక్రమంలో రాసిన పుస్తకాలు. వీటిలోనూ పసిపిల్లల కథలే ఎక్కువ కాబట్టి, పెద్ద పిల్లల కోసం రాసినవి ఉన్నాయేమో ప్రత్యేకంగా అడగండి. ఎడిన్‌బరోలో 1998లో మొదలైన బారింగ్టన్ స్టోక్ అనే ప్రచురణ సంస్థ చదవడం కష్టమైన పిల్లల కోసం వయసుకు తగిన కథలను తేలిక వాక్యాలలో, లేత పసుపు కాగితం మీద అచ్చువేస్తూ వస్తోంది. ఒకటి సంపాదించగలిగితే, మిగిలినవాటిని దానితో పోల్చి చూసుకోవచ్చు.

తెలుగు సంగతి వేరు. ఇంగ్లీషులో ఒకే అక్షరం చోటుకో రకంగా పలుకుతుంది. తెలుగులో రాతకూ పలుకుకూ పొంతన చాలా ఎక్కువ. అందుకని తెలుగులో డిస్లెక్సియా తప్పుల కంటే నెమ్మదితనంగానే ఎక్కువగా కనిపించవచ్చు. మీరు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నట్లయితే తెలుగు చదవడాన్ని మానిపించకండి. తెలిసిన మాటను అచ్చులో గుర్తుపట్టడం కొంత సులువు. అయితే మన లిపికి తన చిక్కులు తనకున్నాయి. ప, ష, వ, మ, ఘ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. బ-భ, ద-ధ-థ ఒక చిన్న గీతతోనో చుక్కతోనో వేరవుతాయి. కొ-కో వంటి గుణింతాల తేడా చిన్న అచ్చులో కనిపించనే కనిపించదు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు వస్తాయి. వీటన్నిటికీ మించి, ‘వచ్చేస్తున్నాడనుకున్నాడు’ అని మూడు మాటలు కలిసి ఒక్కటై కూర్చుంటాయి. అందుకే తెలుగు పుస్తకం తేలికో కాదో పదాలు లెక్కపెట్టి తేల్చలేము. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలను ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడ కథలకు స్థాయిలున్నాయి కానీ, నా ఉద్దేశంలో ఆ అంకెను నమ్ముకోవడం కంటే పొడవైన సంధి మాటలూ వత్తులూ తక్కువగా ఉన్న కథలను మీరే చదివి ఏరడం మేలు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు కూడా చూడండి. చెన్నైలోని తూలిక వారు వేసే ద్విభాషా బొమ్మల పుస్తకాలు బాగుంటాయి. కాకపోతే రెండు లిపులు ఒకే పేజీలో ఉంటే మీ బాబు తికమకపడవచ్చు, అప్పుడు ఒక భాషను కాగితంతో కప్పి చదివించండి.

స్వయంగా చదవడానికి కథలే ఎందుకు? పాముల ఫోటోల కింద రెండేసి వాక్యాలుండే పుస్తకం, క్రికెటర్ల వివరాలున్న పత్రిక పేజీ కూడా చదువే. తనకు ముందే తెలిసిన విషయమైతే కష్టమైన పదాన్ని కూడా పిల్లవాడు ఓపికగా విడదీసుకుంటాడు. ‘తాచుపాము’ అన్న మాట కోసం పడే శ్రమను నీతికథలోని ‘పరోపకారం’ కోసం పడడు, పడాలని మనం కోరుకోనక్కర్లేదు కూడా.

కొనేటప్పుడు బాబును వెంట తీసుకువెళ్లి, మధ్యలో ఒక పేజీ తెరిచి చదవమనండి. అయిదు మాటల కంటే ఎక్కువచోట్ల ఆగితే ఆ పుస్తకం మీరు చదివి వినిపించాల్సిన వాటిలోకి వెళ్తుంది. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి, కాగితం మెరవకూడదు, బొమ్మ మీద అక్షరాలు అచ్చువేసి ఉండకూడదు. డిస్లెక్సియా కోసమని ప్రత్యేకంగా తయారుచేసిన ఇంగ్లీషు ఫాంట్ల వల్ల చదువు మెరుగుపడుతుందని పరిశోధనల్లో తేలలేదు. రంగు షీటు కూడా అంతే. డిస్లెక్సియా కంటిజబ్బు కాదు. చూపు మీద అనుమానముంటే కంటి డాక్టరుకు చూపించండి, షీటుకు పెట్టే డబ్బుతో ఒక పుస్తకం ఎక్కువ కొనండి.

ఇక వినడం గురించి. ఆడియో కథల వల్ల చదవడం మానేస్తాడన్న భయం పెట్టుకోకండి. తోటివాళ్లు పుస్తకాల ద్వారా సంపాదించుకునే మాటలూ, లోకజ్ఞానమూ అతనికి ప్రస్తుతం చెవి ద్వారానే అందాలి. అది ఆగిపోతే చదవడం వచ్చిన రోజున కూడా చదివింది అర్థం కాదు. అయితే వినడం అక్షరాల సాధనకు బదులు కాదు. రోజూ ఒక పావుగంట తేలిక పుస్తకాన్ని అతను చదవాలి, చదివిందే మళ్లీ చదివినా అడ్డు చెప్పవద్దు. ఆ తర్వాత పెద్ద పుస్తకాన్ని మీరు చదవండి, అతను పేజీ చూస్తూ వినాలి. చుట్టాల ముందు మాత్రం పైకి చదివించకండి.

బాబు పరీక్షల నివేదికను జాగ్రత్తగా ఉంచండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. అచ్చు చదవలేని వారి కోసం అదే ఏడాది ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం డిస్లెక్సియా ఉన్నవారికి కూడా ఉద్దేశించినదే. సభ్యత్వం కోసం వైకల్య ధ్రువపత్రం అడుగుతారు కాబట్టి, అది ఇంకా తీసుకోకపోతే ప్రభుత్వాసుపత్రి ద్వారా దరఖాస్తు చేయండి. పాఠ్యపుస్తకాలు అందులో వినడానికి వీలైన రూపంలో ఉన్నాయేమో, కొత్త తరగతి మొదలయ్యే లోపే వెతికి చూడండి.