పెండ్లి పత్రికకు మెలికల చేతిరాత ఫాంట్ తెలుగులో ఏది బాగుంటుంది?

మీ చెల్లెలి పెండ్లి పత్రికకు గ్రేట్ వైబ్స్ అనే ఇంగ్లిష్ మెలికల ఫాంట్ లాంటిది తెలుగులో ఉందా, పత్రిక మొత్తం దాంట్లోనే కొట్టించొచ్చా అని అడిగారు. నేను కడపలో డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పత్రికలు కూర్చే పని చేస్తాను. పెండ్లిళ్ల సీజన్ మొదలైతే ఈ మాట అడగనివాళ్లు తక్కువ. అచ్చం అలాంటిది తెలుగులో నేనైతే చూడలేదు. ఉన్నా సరే, మొత్తానికి వాడొద్దు.

రాబర్ట్ లూష్కే గీసిన గ్రేట్ వైబ్స్, ఎడ్ బెంగ్యాట్ 1994లో చేసిన ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ అనే ఇంకో ఇంగ్లిష్ ఫాంట్ సన్న పాళీ రాత వాటంలో ఉంటాయి. కిందికి నొక్కితే గీత లావు, పైకి లాగితే సన్నం, ఒకదాని తోక ఇంకోదానికి అంటుకుంటుంది. మన అక్షరాలు దేనికది విడిగా రాసేవి. బలవంతంగా కలిపితే పెండ్లికొడుకు పేరు కూడా చదవలేం. తెలుగులో సోకు చేయాలంటే తలకట్టు, దీర్ఘం, వత్తు తోక దగ్గరే.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రవిప్రకాష్, లక్కిరెడ్డి చూడండి. మా దగ్గర బాపు గారి చేతిరాత లాంటి ఫాంటుకు ఇప్పటికీ మోజే. కానీ డీటీపీలో వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్‌లో టైపు చేసే తెలుగు పద్ధతి వాటిది కాదు. మీరు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ నేరుగా అందులోకి రాదు, కన్వర్ట్ చేయాలి లేదా మళ్లీ కొట్టాలి.

ఏ ఫాంటైనా ముందు ‘లక్ష్మి’ అని కొట్టి చూడండి. క్ష కింద మ వత్తు ఎక్కడ కూర్చుందో, కింది లైనుకు తగులుతోందో చూస్తే దాని సత్తా తెలిసిపోతుంది. అక్షరాల మధ్య స్పేసింగ్ పెంచొద్దు, ఇంగ్లిష్‌లో కలిసిన తోకలు తెగిపోతాయి. ఇంగ్లిష్ పేరు మొత్తం క్యాపిటల్స్‌లో పెట్టడం ఇంకా ఘోరం. పేరు పక్కన బి.టెక్ లేకపోతే మనవాళ్లకు తృప్తి ఉండదు కదా, దాన్ని మామూలు ఫాంటులో చిన్నగా పెట్టించండి.

అసలు తంటా ప్రింటింగులో. స్క్రీన్‌పై వెంట్రుకంత సన్నగా ముద్దొచ్చే గీత, గరుకు మెరూన్ కార్డుపై బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగుకు వచ్చేసరికి మధ్యలో తెగుతుంది. వత్తుల్లోని చిన్న సందులేమో రంగుతో పూడుకుపోతాయి. అందుకే డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో పేర్లకు అదే రంగు సన్న ఔట్‌లైన్ ఇస్తాను, సైజు పెంచుతాను. వధూవరుల పేర్లు, పైన ‘శుభలేఖ’ అన్న మాట, అంతవరకే మెలికలు. ముహూర్తం, కల్యాణమండపం, ఫోన్ నంబర్లు సాదా అక్షరాల్లోనే ఉండాలి, పెద్దవాళ్లు కళ్లద్దాలు లేకుండా చదువుకోవాలి.

ప్రెస్సుకు ఇచ్చే ఫైలులో అక్షరాలను కర్వ్స్ చేయించండి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్పించండి. లేదంటే వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. తప్పులు దిద్దడం అంతకుముందే అయిపోవాలి, కర్వ్స్ అయ్యాక ఒక్క అక్షరం కూడా టైపు చేసి మార్చలేం.