పవర్ లెక్క డ్రైవర్‌కెందుకు?

ప్రశ్న: పాత ఆండ్రాయిడ్ ఫోన్ మీద కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే అడుగు సాఫ్ట్‌వేర్) పని నేర్చుకుంటున్నానండి. బ్యాటరీ ఫోల్డర్‌లో ఓల్టేజ్ నౌ, కరెంట్ నౌ ఫైళ్లున్నాయి, పవర్ నౌ లేదు. రెండూ గుణించి ఇచ్చేలా డ్రైవర్‌లో, అంటే బ్యాటరీ చిప్‌తో మాట్లాడే కెర్నల్ కోడ్‌లో, నేనే రాశాను. చార్జింగ్ పెడితే ఓల్టేజ్ 4100000, కరెంట్ మైనస్ 1480000 అంటోంది, పవర్ మాత్రం ఏవో పిచ్చి అంకెలు. ఇంకో ఫోన్‌లో కరెంట్ 1350 అనే వస్తోంది. తప్పెక్కడ?
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు ఆ పిచ్చి అంకెల సంగతి. ఓల్టేజ్ మైక్రోవోల్టుల్లో, కరెంట్ మైక్రోఆంపియర్లలో ఉంటాయి కాబట్టి మీ రెండు అంకెలూ గుణిస్తే 6 లక్షల కోట్లు దాటుతుంది, 32 బిట్ల ఇంట్ (పూర్ణాంకం దాచే చోటు)లో పట్టేదేమో 214 కోట్లు చిల్లర. ఓవర్‌ఫ్లో అయిపోయింది, అంతే. గుణించే ముందే 64 బిట్లకు మార్చుకుని, వచ్చినదాన్ని 10 లక్షలతో భాగిస్తే మైక్రోవాట్లు వస్తాయి. మీ ఫోన్‌కి సుమారు 6 వాట్లు.

కానీ అసలు ఆ కోడ్ తీసేయమంటాను. పవర్ సప్లై క్లాస్ (బ్యాటరీ, చార్జర్ వివరాలు బయటపెట్టే కెర్నల్ భాగం) గురించి కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది: హార్డ్‌వేర్ నేరుగా కొలిచినవే డ్రైవర్ బయటపెట్టాలి, కొలవనివాటిని లెక్కలు కట్టి ఊహించడం దాని పని కాదు. అక్కడ ఉదాహరణ బ్యాటరీ శాతం గురించే అనుకోండి, మీ గుణకారానికీ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆ రెండు ఫైళ్లూ చదివి గుణించే పని ఓ చిన్న షెల్ స్క్రిప్ట్‌కి వదిలేయండి, తప్పు దొర్లితే ఫోన్ మళ్లీ ఫ్లాష్ చేసే టెన్షనూ ఉండదు.

మైనస్ చూసి కంగారు పడకండి. చార్జ్ ఎక్కేటప్పుడు ప్లస్ అనేది ఆండ్రాయిడ్ పైస్థాయి నియమం, కింద డ్రైవర్లు మాత్రం ఒక్కో కంపెనీవి ఒక్కోలా రాస్తాయి. రెండో ఫోన్ 1350 మైక్రో అయితే 1.35 మిల్లీఆంపియర్లు, అంత తక్కువ కరెంట్‌తో చార్జింగ్ ఎక్కడైనా అవుతుందా? ఆ డ్రైవర్ రాసినవాళ్లు మిల్లీల్లో ఇచ్చేసి ఉంటారు.

ఇంకోటి, దీన్ని చాలామంది చూడరు. బ్యాటరీ చార్జ్ లెక్క చూసే ఫ్యూయల్ గేజ్ చిప్ కరెంట్‌ని సూటిగా కొలవదు, కొన్ని మిల్లీఓమ్‌ల రెసిస్టర్ మీద పడే ఓల్టేజ్ చూసి లెక్కగడుతుంది. చాలా డ్రైవర్లు ఆ రెసిస్టర్ విలువ డివైస్ ట్రీ (బోర్డు మీద ఏమున్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్) నుంచి తీసుకుంటాయి. బోర్డు మీద 5 ఉండి అక్కడ 10 అని రాసి ఉంటే కరెంట్ సగమే కనిపిస్తుంది, దాన్నుంచి లెక్కగట్టే మిల్లీఆంపియర్ అవర్లూ సగమే. మీ 1480 మిల్లీఆంపియర్లు నమ్మొచ్చా అనేది తేల్చుకోవాలంటే ఎస్పీ రోడ్డులో ఓ యూఎస్‌బీ మీటర్ కొనుక్కుని, స్క్రీన్ ఆపి, చార్జర్‌కీ ఫోన్‌కీ మధ్య పెట్టి చూడండి. మీటర్ వాట్లు మీ 6 కంటే కాస్త ఎక్కువే ఉండాలి, ఎందుకంటే చార్జింగ్ చిప్‌లో వేడిగా పోయేది, ఫోన్ తను వాడుకునేది అందులోనే కలుస్తాయి. రెట్టింపు చూపిస్తే డివైస్ ట్రీ తెరవండి.