సూర్యుడిలో సంలీనం జరుగుతోందని ఎవరైనా చూశారా?

మీ ప్రశ్నే మా బావగారిదీ. కరెంటు పనిలో తల నెరిసిన మనిషి. సూర్యుడి లోపల సంలీనం, అంటే చిన్న కేంద్రకాలు కలిసి పెద్దవై శక్తినివ్వడం, జరగడం లేదని, బయటి నుంచి విద్యుత్తు అందితే బల్బులా వెలుగుతున్నాడని ఆయన వాదన. ఒక రాత్రి ఫోన్లో వీడియో పెట్టి మరీ కూర్చోబెట్టారు.

"పైన ఐదున్నర వేల డిగ్రీలేనట, చుట్టూ ఉన్న కరోనా అనే వాయుపొర పది లక్షలు దాటిందట. వేడి లోపల్నుంచి వస్తే బయటికి పోయేకొద్దీ తగ్గాలా, పెరగాలా?"

కరోనా చాలా పలచన, దాన్ని వేడెక్కించేది అయస్కాంత క్షేత్రాల శక్తి అన్నాను. మీరన్నట్టు కరెంటు బయటి నుంచి వస్తే ఎలక్ట్రాన్లు లోపలికి పరిగెత్తుతూ కనిపించాలిగా, వ్యోమనౌకల కొలతల్లో సౌరపవనంలోని, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహంలోని, ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ కలిసి బయటికే పోతున్నాయి అనీ చెప్పాను. వింటేగా! పైగా అసలు అస్త్రం తీశారు: "మరి న్యూట్రినోలు మూడో వంతే ఎందుకు దొరికాయి?"

ఇది మాత్రం గట్టి ప్రశ్నే. న్యూట్రినోలంటే సంలీనంలో పుట్టి, దేన్నైనా దూసుకుపోయే అతిచిన్న కణాలు; సంలీనం నిజమైతే అవి లెక్క ప్రకారం రావాలి. 1960ల చివర్లో రేమండ్ డేవిస్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఒక బంగారు గని లోతుల్లో 600 టన్నుల డ్రైక్లీనింగ్ ద్రవం పెట్టి వాటిని లెక్కపెడితే, అనుకున్నదాంట్లో మూడో వంతే వచ్చాయి. మూడు దశాబ్దాలు అది తేలలేదు. 2001, 2002లలో కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం వెయ్యి టన్నుల భారజలంతో తేల్చింది: న్యూట్రినోలు దారిలో రకం మారుతున్నాయి, అన్ని రకాలూ కలిపితే లెక్క సరిపోతోంది. 2014లో ఇటలీలోని బోరెక్సినో ప్రయోగం, సంలీనంలో రెండు ప్రోటాన్లు కలిసే మొదటి మెట్టులో పుట్టే న్యూట్రినోలనే నేరుగా పట్టింది. అవి సూర్యుడి నడిబొడ్డు నుంచి ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తాయి. చూడడమంటే ఇంతకంటే ఏం కావాలి?

ఆ వీడియోలవాళ్లకు మాత్రం కాలం 2000 దగ్గరే ఆగిపోయింది. వెనక భయపెట్టే సంగీతం ఒకటి.

అయినా నా కోపం పాఠ్యపుస్తకాల మీదే. ఈ వీడియోలకు గిరాకీ తెచ్చిపెట్టింది అవే. "కోటిన్నర డిగ్రీల వేడికి కేంద్రకాలు ఢీకొని కలిసిపోతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పాత భౌతికశాస్త్రం ప్రకారం లెక్కేస్తే ఆ వేడి చాలదు, వందల రెట్లు ఎక్కువ కావాలి. 1928లో భౌతికశాస్త్రవేత్త గామోవ్ లెక్కగట్టిన క్వాంటమ్ టనలింగ్, అంటే కణాలు దాటేంత శక్తి లేకపోయినా అడ్డుగోడను దాటిపోవడం, లేకపోతే సూర్యుడు వెలగడు. అది చెప్పడానికి అర పేజీ చాలు. మా పుస్తకంలో ఆ అర పేజీ నిండా సూర్యుడి రంగుల బొమ్మ వేశారు.