ఉబుంటు తీసేశాక విండోస్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టించకండి

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు కోసం ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకున్నాను. పని అయిపోయిందని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో దాని భాగం) డిలీట్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ‘గ్రబ్>’ అని వచ్చి ఆగిపోతోంది. షాపులో ఫార్మాట్ కొట్టాలంటున్నారు. ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ల్యాప్‌టాప్‌ను షాపు నుంచి ఇంటికి తెచ్చేసుకోండి. మీ విండోస్‌కి, ఫైళ్లకి ఏమీ కాలేదు. ఉబుంటు వేసినప్పుడు దాని బూట్ లోడర్ (ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెరిచే ప్రోగ్రామ్) ‘గ్రబ్’ ఉబుంటు పార్టిషన్‌లో కాకుండా ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో కూర్చుంటుంది. విండోస్ బూట్ మేనేజర్ ఉండేదీ అక్కడే, పక్క ఫోల్డర్‌లో. మీరు ఉబుంటును తీసేశారు గానీ గ్రబ్ అలాగే ఉండిపోయింది. బూట్ వరుసలో, అంటే ఆన్ చేయగానే దేన్ని ముందు తెరవాలో చెప్పే జాబితాలో, ఇప్పటికీ మొదటి పేరు దానిదే. తీసేసిన ఉబుంటు కోసం అది వెతికి, దొరక్క ఆగిపోతోంది.

ఆ నల్ల స్క్రీన్‌లోనే ‘ఎగ్జిట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో వరుసలో తర్వాతి పేరైన విండోస్ దానంతటదే తెరుచుకుంటుంది. లేదంటే ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. అందులో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకోండి. ఈ దశలో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) 48 అంకెల రికవరీ కీ అడిగినా కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ వాడుతుంటే ఆ కీ సాధారణంగా అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు.

విండోస్ వచ్చాక మొదట ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. తర్వాత బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత) సెట్టింగ్స్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను వరుసలో పైకి జరిపితే సమస్య తీరినట్టే. గ్రబ్‌ను పూర్తిగా తీసేయాలనుకుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మౌంట్‌వాల్ ఎస్: /ఎస్’ కొట్టండి (‘వాల్’ అంటే వాల్యూమ్‌లోని మొదటి మూడు అక్షరాలు). దాంతో ఈఎఫ్ఐ పార్టిషన్ ఎస్ డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. తర్వాత ‘ఆర్‌డీ ఎస్:\ఈఎఫ్ఐ\ఉబుంటు /ఎస్’ కొడితే నిజంగా తీసేయాలా అని అడుగుతుంది. ‘వై’ కొట్టండి. అక్కడే ఉన్న మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్లను మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. అవి పోతే నిజంగానే ఇబ్బంది.

ఉబుంటు ఖాళీ చేసిన జాగాను సీ డ్రైవ్‌లో కలపడానికి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ ఉంది. ఆ జాగా సీ డ్రైవ్‌కు సరిగ్గా కుడిపక్కన ఉంటేనే అది పనిచేస్తుంది. సీ డ్రైవ్‌నే కుదించి ఉబుంటు వేసుకున్నవాళ్లకు మామూలుగా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: నాదీ ఇదే సమస్య. కాకపోతే పాత డెస్క్‌టాప్, విండోస్ 7 నుంచి 10కి మార్చాను. ‘గ్రబ్ రెస్క్యూ’ అని వస్తోంది. బూట్ మెనూలో విండోస్ పేరే లేదు.

జవాబు: మీది పాత ఎంబీఆర్ (డిస్క్ మొదట్లోని కోడ్‌తో బూట్ అయ్యే) పద్ధతి అయి ఉంటుంది. అందులో గ్రబ్ మొదటి ముక్క డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్‌లో ఉంటుంది. మెనూలో పేరు ఎంచుకుంటే సరిపోదు, అక్కడ విండోస్ కోడ్‌ను మళ్లీ రాయాలి. వేరే కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 10 ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది వాడండి. దాంతో బూట్ చేసి, ‘ఇన్‌స్టాల్ నౌ’ జోలికి వెళ్లకుండా కింద ఉన్న ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ నొక్కి, ట్రబుల్‌షూట్‌లోంచి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’ కొట్టి (‘రెక్’ అంటే రికవరీలోని మొదటి మూడు అక్షరాలు), పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. ఈ కమాండ్ బూట్ కోడ్‌ను మాత్రమే మారుస్తుంది, పార్టిషన్ పట్టికను తాకదు. పై ప్రశ్నలోని విండోస్ 11 ల్యాప్‌టాప్ యూఈఎఫ్ఐ (ఈఎఫ్ఐ పార్టిషన్ నుంచి బూట్ అయ్యే కొత్త) పద్ధతిలో నడుస్తుంది కాబట్టి దానికి ఈ కమాండ్ ఉపయోగపడదు.